పనస పొట్టు కూర: ఆవ ఘాటు ఎక్కడం లేదు, చేదు మాత్రం దిగుతోంది. ఎక్కడ పొరపాటు?

కాలవగట్టు:

అందరికీ నమస్కారమండి. సంక్రాంతి వెళ్ళింది, లేత పనసకాయలు దిగాయి. బజారులో కొట్టిన పొట్టు (లేత కాయని కత్తితో కొట్టి తీసిన సన్న పలుకులు) కూడా కవర్లలో దొరుకుతోంది. ఈ వారం రెండుసార్లు ఆవపెట్టి, అంటే నలిపిన ఆవాలు కలిపి, వండితే రెండుసార్లూ ఒకటే లోపం. ముక్కుకి ఎక్కాల్సిన ఘాటు లేదు, నాలిక చివర చేదు మాత్రం నిలిచిపోతోంది. పొట్టు కూడా పలుకు పలుకుగా లేకుండా ముద్దయిపోయింది.

వండిన పద్ధతి చెబుతాను, తప్పెక్కడో చూడండి. బజారులో కొన్న పొట్టు అర కిలో. కుక్కర్లో పసుపు, ఉప్పు, చింతపండు రసం వేసి రెండు కూతలు. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ. అందులో పొట్టు వేసి మగ్గించి, ఆవాలు పొడి కొట్టి నీళ్ళలో కలిపి పోసి, మరో ఐదు నిమిషాలు ఉడికించి దింపడం.

ఇంకో సంగతి. వచ్చే నెలలో ఇంట్లో ఒక కార్యానికి అరవై మందికి ఇదే కూర పెట్టాలి. వచ్చేవాళ్ళలో మిరపకాయ పడని పెద్దలున్నారు. మిరపకాయ మన దేశానికి తర్వాత వచ్చిందంటారు కదా, అంతకుముందు ఈ కూరకి కారం దేంతో వచ్చేది? ఆ పద్ధతిలోనే వండితే ఆ పెద్దలకి కూడా వడ్డించొచ్చునని ఆలోచన.

---

ఆవఘాటు:

మీ కూరలో చేదుకి కారణాలు మూడు కనపడుతున్నాయండి. పెద్దది ఆఖరి ఐదు నిమిషాలు.

ఆవగింజ కొరికితే ముందు ఘాటు తెలియదు, క్షణం ఆగాక ఎక్కుతుంది. ఎందుకంటే గింజలో ఘాటు తయారుగా ఉండదు. దానికి కావలసిన పదార్థం ఒక అరలో, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము వేరే అరలో ఉంటాయి. గింజ నలిగి, నీరు తగిలాక రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది ఘాటు. ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది. పుట్టిన ఘాటు కూడా ఆవిరయ్యే గుణం ఉన్నదే, పొయ్యి మీద పెడితే లేచిపోతుంది. చేదు అలా లేచిపోదు. అందుకని ఆవ వేసి ఉడికించిన కూరలో ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఆవ పొయ్యి ఎరక్కూడదు.

రెండోది, పొడి కొట్టడం. మిక్సీలో పొడి ఆవాలు ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కి అక్కడే సగం పాడవుతుంది. మూడోది మెంతులు. ఆవపెట్టిన కూర పోపులో మెంతులు వెయ్యరు. పోపులో ఆవాలు కూడా చిటపటమనగానే మిగతావి పడాలి, నల్లబడ్డాయంటే అదో చేదు.

అర కిలో పొట్టుకి ఇలా చెయ్యండి. ఆవాలు రెండు చిన్న చెంచాలు, చన్నీళ్ళలో ఇరవై నిమిషాలు నానాలి. వేణ్ణీళ్ళు వద్దు, కారణం పైన చెప్పిందే. నానిన ఆవాలు, విడిగా నానబెట్టిన ఎండుమిర్చి రెండు, పావు చెంచా ఉప్పు కలిపి రోట్లో మెత్తగా నూరండి. మిక్సీ అయితే చిన్న జారులో ఆపి ఆపి తిప్పండి. తర్వాత మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. నూరగానే మూత తీసి వాసన చూడండి, పదో నిమిషంలో మళ్ళీ చూడండి, తేడా ముక్కుకే తెలుస్తుంది.

ఆ పది నిమిషాలలోపు ఆవముద్దలో చింతపండు రసం కలపకండి. పులుపు ముందే తగిలితే ఎంజైము మందగించి ఘాటు తక్కువ పుడుతుంది. ఘాటు పూర్తిగా పుట్టాక పులుపు తగిలితే మేలే, ఘాటు తొందరగా పోకుండా నిలుస్తుంది. ముందు ఆవ విడిగా నూరి ఆగడం, పులుపున్న కూరలో తర్వాత కలపడం అందుకే.

కూర దింపి, అందులో చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే వేడికి వచ్చాక ఆవ కలపండి. పైన ఒక చెంచా పచ్చి పప్పునూనె (నువ్వుల నూనె) వేసి, కలిపి, మూత పెట్టి గంట ఊరనివ్వండి. ఆవాలు చిన్నగా, ముదురు గోధుమ రంగులో ఉండేవి తీసుకోండి. పసుపు రంగు ఆవాలతో ఘాటు మెత్తగా ఉంటుంది. నిరుటి ఆవాలు డబ్బా అడుగున ఉంటే అవి పోపుకి వాడేసి, ఆవముద్దకి మాత్రం కొత్తవి కొనండి.

---

లంకతోట:

ఆవ సంగతి పై వారు చెప్పేశారు. పొట్టు ముద్దవడానికి కుక్కరే కారణమండి. కాకపోతే అసలు కథ కాయ దగ్గరే మొదలవుతుంది, అక్కణ్ణుంచి చెబుతాను.

కాయ కిలోన్నర, రెండు కిలోలు తూగేది చాలు. పైన ముళ్ళు దగ్గర దగ్గరగా, కొనదేలి, పచ్చగా ఉండాలి. ముళ్ళు వెడల్పయి, చదునుగా విచ్చుకుంటే లోపల తొన ఏర్పడిపోయినట్టే. కోసి చూస్తే గింజ గోటితో నొక్కితే దిగిపోవాలి, గింజ మీద తొడుగు గట్టిపడి ఉండకూడదు. మన వైపు ఈ అదను సంక్రాంతి దాటాక మొదలై ఉగాది, శ్రీరామనవమి దాకా. ఆ తర్వాత కాయలు గింజపట్టిపోతాయి. పొట్టుకి పనికిరావు, పండనిచ్చి తొనలు తినడం, పిక్కలు పులుసులో వేసుకోవడమే.

మన గోదావరి డెల్టాలో పనస చేలల్లో కనపడదు, గమనించారా? దాని వేరుకి నిలవ నీరు పడదు. కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవలు పారి భూమంతా వరి మడి అయ్యాక పనసకి మిగిలింది మెరక చోటే. పెరడు, కొబ్బరితోట గట్టు, ఇసుక కలిసిన లంక నేల. అందుకే పొట్టు కాయ అంటే ఈ ప్రాంతంలో ఎక్కువగా పెరటి చెట్టు కాయే. ఆకు కూడా ఊరికే పోదు, అంబాజీపేట పొట్టిక్కలకి (ఆకుబుట్టల్లో ఉడికించే ఇడ్లీలకి) బుట్టలు కుట్టేది పనసాకులతోనే.

ఇక కొట్టడం. చేతులకీ కత్తికీ నూనె దండిగా రాయండి. పనస జిగురు నీళ్ళకి లొంగదు, నూనెకే లొంగుతుంది. కింద పాత కాగితం పరవండి. కాయని అడ్డంగా రెండు చెక్కలు చేసి, కారే పాలు కాగితంతో ఒత్తి తీసెయ్యండి. చెక్కు తీసేటప్పుడు పిసినారితనం వద్దు. పచ్చ పొర ఏమాత్రం మిగిలినా కూర వగరెక్కుతుంది. వగరూ చేదూ వేరు, గమనించండి. చేదు నాలిక మీద నిలుస్తుంది, వగరు నోరంతా పట్టేస్తుంది. చేదైతే ఆవని అనుమానించాలి, వగరైతే చెక్కుని.

చెక్కు తీసిన ముక్కని ఎడమ చేత్తో పట్టుకుని, బరువైన కత్తితో ముఖం మీద నిలువునా అడ్డంగా దగ్గర దగ్గరగా గాట్లు కొట్టండి, అర అంగుళం లోతు చాలు. తర్వాత కత్తి వాలుగా పెట్టి పైపొర పల్చగా చెక్కితే బియ్యపు నూక కంటే కాస్త పెద్ద పలుకులు రాలుతాయి. మళ్ళీ గాట్లు, మళ్ళీ చెక్కడం. మధ్యలో ఉండే గట్టి కాడ తీసి పారెయ్యాలి. రెండు కిలోల కాయకి కిలో, కిలోకి కాస్త పైన పొట్టు వస్తుంది. రాలిన పొట్టు రాలినట్టే పసుపు కలిపిన పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడదు.

మిక్సీలో వేసేవాళ్ళు ముక్కలు చిన్నవి చేసి, జారు సగమే నింపి, మీట ఒక్క క్షణం నొక్కి వదిలెయ్యాలి. మూడు నాలుగుసార్లకి అయిపోవాలి. వరసగా తిప్పితే పీచు నలిగి పాలు దిగి పిండిలా తయారవుతుంది. అది ఎలా వండినా ముద్దే.

ఉడకడానికి వెడల్పు గిన్నె. అర కిలో పొట్టుకి పొట్టు మునిగేటన్ని నీళ్ళు, అర చెంచా పసుపు, చెంచా ఉప్పు. మూత లేకుండా పది పన్నెండు నిమిషాలు. రెండు వేళ్ళ మధ్య నలిపితే మెదగాలి, మెదిగినా పలుకు ఆకారం పోకూడదు. చింతపండు ఇక్కడ వద్దు. పులుపులో పీచు మెత్తబడదు. అది ఉడకలేదని మీరు మరో కూత పెడతారు, కూత పెడితే కొంత ముద్ద, కొంత గట్టి. ఉడికాక జల్లెడలో ఓడ్చి, చల్లారాక గుప్పెడు గుప్పెడు తీసుకుని గట్టిగా పిండి, పొడిపొడిగా విడదీసి పళ్ళెంలో ఆరబెట్టండి. తడి మిగిలితే పోపులో వేగదు, మగ్గుతుంది.

పోపుకి నూనె ఐదు పెద్ద చెంచాలు, తగ్గించొద్దు. శనగపప్పు, మినప్పప్పు రెండేసి చెంచాలు, జీడిపప్పు గుప్పెడు, ఆవాలు చెంచా, ఎండుమిర్చి ఆరు, ఇంగువ, చీరిన పచ్చిమిర్చి నాలుగు, కరివేపాకు రెండు రెబ్బలు. ఇప్పుడు నిమ్మకాయంత చింతపండు చిక్కగా పిసికిన గుజ్జు పోసి, నూనె తేలేదాకా పోపులోనే ఉడకనివ్వండి. చిన్న బెల్లం ముక్క వేస్తే పులుపు కోపం తగ్గుతుంది. అప్పుడు పొట్టు వేసి, గుజ్జు అంతా పట్టి పలుకులు విడివిడిగా గరిట మీంచి జారేదాకా, ఏడెనిమిది నిమిషాలు సన్న సెగన వేపండి.

---

కాలవగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. చింతపండు ముందే వెయ్యడం వల్ల అంత తేడా వస్తుందనుకోలేదు. బజారు పొట్టు కొనొచ్చా, మానెయ్యాలా? మిరపకాయ ప్రశ్న కూడా ఎవరైనా చూడండి.

---

గౌతమిపాయ:

మిరపకాయ ప్రశ్నకి నేను రాస్తాను, నాకు ఈ కూర మీద ఉన్న ఇష్టమంతా అక్కడే ఉంది.

వాస్కోడిగామా కాలికట్‌లో దిగింది 1498లో. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన పడమటి తీరానికి వచ్చింది. ఇప్పుడు మీ గిన్నెలో ఉన్న ఒక్కో దినుసుని అడగండి, ఎక్కణ్ణుంచి వచ్చావని. పనస పడమటి కనుమలది. ఆవాలు, పసుపు, మినుములు, నువ్వులు, కరివేపాకు అన్నీ ఇక్కడ అనాదిగా ఉన్నవే. ఇంగువ పశ్చిమాన పారశీకం, ఆఫ్ఘన్ కొండల నుంచి వర్తకంలో వచ్చింది, అదీ పాతదే. కొత్త చుట్టాలు మిరపకాయ, జీడిపప్పు. జీడిమామిడి కూడా బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిందే. వేరుశనగ నూనెతో వండుతున్నారంటే అదీ దక్షిణ అమెరికా సరుకే. ఈ మూడూ తీసేసి చూడండి, కూర కూలిపోదు. ఆవ తీసేస్తే కూలిపోతుంది. ఈ కూరకి వెన్నెముక ఏదో దాంతోనే తెలుస్తుంది.

కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. ఆయన రాసిన ఆముక్తమాల్యద కావ్యంలో విష్ణుచిత్తుడనే భక్తుడు అతిథులకి ఏ రుతువుకి ఆ భోజనం పెడతాడు. వానాకాలంలో వడియాలు, వరుగులు. చలికాలంలో మిరియాల పొడి పడిన వేడి కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్ళు. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో, మన గోదావరి ఒడ్డున కాదు. అయినా ఆనాటి తెలుగు కవి ఊహలో ఘాటంటే మిరియం, ఆవ. మిరియం, మిరప అన్న మాటల పోలికే చూడండి. కొత్తగా వచ్చిన కాయని జనం పాత ఘాటు పేరుతోనే పిలుచుకున్నారు.

డెల్టాలో రుతువు అనగానే అందరూ గోదావరి వరదల ఎర్రనీరూ పులస చేపా తలుచుకుంటారు. నా లెక్కలో లేత పనస దానికేం తీసిపోదు. పైగా మిరపకాయ లేని పనస కూర ఎక్కడో పుస్తకాల్లో లేదు, చాలా ఇళ్ళలో తద్దినం వంటలో ఇప్పటికీ బతికే ఉంది. అక్కడ మిరపకాయ బదులు మిరియాలే. శ్రాద్ధానికి నూరు కూరలకి సాటి కాకర, మూడు వందలకి నల్లేరు, ఆరు వందలకి పనస అని శ్లోకం చెబుతారు. మీ ఇంటి పెద్దవాళ్ళని అడిగితే కొలతలతో సహా చెప్పగలరు.

కొలత ఇదీ. అర కిలో పొట్టుకి మిరియాలు చెంచాన్నర, అల్లం అంగుళం ముక్క, ఆవాలు రెండున్నర చెంచాలు. అల్లం సన్నగా తరిగి పోపులో వెయ్యండి. మిరియాలు మాత్రం పోపులో వేపొద్దు. మిరియం కారం వేడికి తట్టుకుంటుంది కానీ సువాసన తట్టుకోదు. కచ్చాపచ్చాగా దంచి, దింపడానికి ఒక నిమిషం ముందు చల్లాలి. ఆవ నూరేటప్పుడు ఎండుమిర్చి బదులు నాలుగు మిరియాలు. పిప్పళ్ళు ఇష్టమైతే దంచిన పొడి పావు చెంచా, అంతకు మించితే మందు వాసన వస్తుంది. ఈ కూర నాలిక మీద మండదు. గొంతులో వెచ్చగా దిగి, వెనకనే ఆవ ముక్కులోకి ఎక్కుతుంది. మిరపకాయతో వండితే ఆ రెండో మెట్టు సగం మరుగున పడిపోతుంది.

---

పొట్టికబుట్ట:

బజారు పొట్టు కొనొచ్చండి, కొట్టి ఎంతసేపయిందో చూసుకుని. కవరు లోపల నీరు చేరినా, పొట్టు అంచులు ముదురు గోధుమ రంగు తిరిగినా, పులిసిన వాసన వచ్చినా వద్దు. పొద్దున్న కొట్టింది పొద్దున్నే ఉడికించెయ్యాలి. ఉడికించి పిండిన పొట్టు ఫ్రీజరులో నెల రోజులు ఉంటుంది, పచ్చి పొట్టు మాత్రం అలా పెట్టొద్దు.

ఆవ దగ్గర ఒక్క మాట కలుపుతాను. నానిన బియ్యం అర చెంచా కలిపి నూరితే ఆవ పొట్టుకి బాగా పట్టుకుంటుంది, చేదు తెలియదు. కంద బచ్చలికీ ఇదే చేస్తారు.

వడియాల సంగతి ఎవరూ చెప్పలేదు. గుమ్మడి వడియాలు గానీ మినప వడియాలు గానీ విడిగా వేయించి, విస్తట్లో వడ్డించే ముందు నలిపి కలపండి. గంట ముందే కలిపితే తడి పీల్చి మెత్తబడిపోతాయి.

---

లంకతోట:

బియ్యం కంద బచ్చలికి సరే. అది జారుగా ఉండే కూర, బియ్యం పట్టునిస్తుంది. పనస పొట్టు పొడిపొడిగా ఉండాల్సిన కూర కదండీ, బియ్యపు పిండి తడి పీల్చి పలుకుల్ని అతికిస్తుంది. మరీ చేదనిపిస్తే బియ్యం బదులు చెంచాడు నువ్వులు వేయించి ఆవతో నూరండి. వడియాల మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

---

కాలవగట్టు:

అరవై మందికి లెక్క ఎంత వేసుకోవాలండి? అర కిలో కొలతల్ని అలాగే హెచ్చవేస్తే సరిపోతుందా?

---

ఆవఘాటు:

ఆవనీ చింతపండునీ అలా హెచ్చవెయ్యకండి. విందులో నాలుగైదు ఆధరువులుంటే మనిషికి డెబ్భై ఐదు గ్రాముల పొట్టు చాలు, అంటే నాలుగున్నర కిలోలు. రెండు కిలోల కాయలు నాలుగు కోస్తే ఇంచుమించు అంత వస్తుంది, ఒకటి ముదిరి తేలొచ్చు కాబట్టి ఐదు కొనండి. ఇద్దరు కూర్చుంటే కొట్టడానికి మూడు గంటలు పడుతుంది. ముందురోజు సాయంత్రమే కొట్టి, ఉడికించి, పిండి, బట్ట కప్పి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

కొలతకి తొమ్మిది రెట్లు కదా అని ఆవాలు పద్దెనిమిది చెంచాలు వెయ్యకండి, పదిహేను చాలు. పెద్ద గిన్నెలో మూత కింద ఊరేటప్పుడు ఘాటు బయటికి పోదు. చింతపండు రెండు వందల గ్రాముల దగ్గర ఆపి, రుచి చూసి పెంచుకోండి. వేపుడు ఒకే బాణలిలో వద్దు, మూడు వాయిలుగా చెయ్యండి. నాలుగున్నర కిలోలు ఒక్కసారి వేస్తే అడుగుది మాడుతుంది, పైది ఆవిరికి ముద్దవుతుంది.

మిరపకాయ పడనివాళ్ళ వాయి మొదట వేపండి, గరిటకి కారం అంటకముందే. దానికి మిరియాల ఆవ వేరే గిన్నెలో నూరుకోండి.

పెద్ద కార్యాల్లో ఆవ పాడయ్యేది ఎక్కువగా చల్లార్చే దగ్గర. గంగాళంలో కూర పైన చల్లగానే ఉంటుంది, మధ్యలో గంటైనా కాలుతూనే ఉంటుంది. పైన తాకి చూసి ఆవ కలిపితే లోపల ఉడికిపోతుంది. వెడల్పు పళ్ళేల్లో రెండంగుళాల మందాన పరిచి, అరగంటకి మధ్యలో వేలు దించి చూసి, అప్పుడు కలపండి. పన్నెండున్నరకి వడ్డన అనుకుంటే పదకొండుకల్లా ఆవ కలిసిపోవాలి. విస్తళ్ళు వేసేదాకా మూత తియ్యొద్దు.